బీడు కాదు, మోడు

ఎండిన టేకాకు చెప్పు కింద పెళపెళమంటే ఇప్పటికీ నా బొటనవేలి గోరు చురుక్కుమంటుంది. వెంటనే లచ్చవ్వ గుర్తొస్తుంది. కథలాపూర్ దగ్గరి గుట్టల్లో వేసవిలో తునికాకు కోసి, మిగతా కాలం బీడీలు చుట్టి బతికిన మనిషి.

పదో తరగతితో బడి మానేసినా, కోరుట్ల గ్రంథాలయంలో కూర్చుని ఉపగ్రహ చిత్రాలు చదవడం సొంతంగా నేర్చుకున్నానన్న గర్వం నాకుండేది. జగిత్యాలలో మ్యాపులు గీసే చిన్న ఆఫీసులో పని దొరికింది. అంతకుముందు మల్లాపూర్ మ్యాపు చేసిన ధైర్యంతో, ఈ గుట్టల అడవి ఎక్కడెక్కడ తెగి ముక్కలైందో గీయడానికి ఒప్పుకున్నాను. సిరిసిల్ల వైపు వేయబోయే రోడ్డు అడవి లేని సందులోంచి పోవాలి. నేను ఖాళీ అని చూపిన చోటే మిషన్లు దిగుతాయి. మబ్బులు అడ్డురావని వేసవి చిత్రం తీసుకున్నాను. రెండు గుట్టల నడుమ గోధుమరంగు కనిపిస్తే 'బీడు' అని రాశాను.

పంపడానికి ఒక రోజు ముందు, మనసు నిలవక ఆ సందులోకి వెళ్లాను. ఆకుమూట నెత్తిన పెట్టుకుని లచ్చవ్వ ఎదురైంది. ఫోన్‌లో చిత్రం చూపించాను.

"గీ పచ్చగున్నదేంది బిడ్డా?"

"అడవి, అవ్వా."

ఆమె మూట దించి నవ్వింది. "గది దొరోళ్ల మామిడితోట. మరి మనం నిలబడ్డ తావు?"

"బీడు."

"బీడులకెళ్లేనా నేను గింత ఆకు తెచ్చింది?"

పక్కనున్న ఆకులేని టేకు చెట్టు మీద నా చెయ్యి పెట్టి, "గోరుతోని గీకు" అంది. బెరడు కింద తడి పచ్చదనం. "గిది మోడు బిడ్డా. వాన పడంగనే లేస్తది. గన్ని బుక్కులు సదివినవ్, చెట్టు సచ్చిందో పండుకున్నదో సూడవద్దా?"

ఆఫీసు సార్‌కు ఫోన్ చేశాను. "రేపు పంపేదుండె, గిప్పుడు చెప్తవా?" అని కసిరి, చివరకు రెండు రోజులిచ్చారు. వానలు వెలిసినాక తీసిన పాత చిత్రం తెచ్చి పక్కన పెట్టాను. తోట రెండింటిలోనూ పచ్చగానే ఉంది. గోధుమరంగు సందు మాత్రం పచ్చబడి రెండు గుట్టలను కలిపేసింది. అక్కడ అడవి తెగలేదు. తెంపింది నేను. సందును అడవిగా, తోటను తోటగా మ్యాపు దిద్ది పంపాను. రోడ్డు తోట అవతలికి మళ్లిందని తెలిసేదాకా అన్నం సహించలేదు.

లచ్చవ్వ ఇప్పుడు లేదు. 'బీడు' అని రాయబోయిన ప్రతిసారీ బస్సెక్కి ఆ చోటికి వెళ్తాను, గోరుతో గీకి చూస్తాను. అయినా భయం పోలేదు. మల్లాపూర్ మ్యాపులోనూ అదే మాట కొన్ని చోట్ల రాశాను. అప్పటికి ఏ చెట్టునూ గీకి చూడలేదు.