ఒకే రోజు రెండు మ్యాచ్‌లు

రాజాంలో ఒక డిగ్రీ కాలేజీలో నేను ఆటలు నేర్పే పీడీగా చేరినప్పుడు బేస్‌బాల్ గురించి నాకేమీ తెలియదు. నేను కబడ్డీ ఆడినవాణ్ణి. యూనివర్సిటీ వాళ్లు ఆడపిల్లల జట్టు కావాలంటే, ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుని, మర్నాడు గ్రౌండులో పిల్లలకు నేర్పేవాణ్ణి. దారిన పోయేవాళ్లు ఆగి, "మేస్టారు కర్రా బిళ్లా ఆడిస్తన్నారు" అని నవ్వేవారు.

మూడో ఏడు భావనపాడు నుంచి ఒకమ్మాయి హాస్టల్లో చేరింది. తండ్రి సముద్రం మీద వేటకు వెళ్తాడు. ఆమె విసిరిన బంతి పట్టుకున్న పిల్ల గ్లౌజు తీసి అరచెయ్యి ఊదుకునేది. ఎప్పుడూ మొదటి రోజే ఓడి ఇంటిదారి పట్టే మా జట్టు, ఆ ఏడు విజయనగరం పోటీల్లో సెమీఫైనల్‌కి వెళ్లింది.

పొద్దున సెమీఫైనల్, మధ్యాహ్నం ఫైనల్. పొద్దున మ్యాచ్ మొత్తం ఆమే విసిరింది, గెలిచాం. భోజనాల దగ్గర చూస్తే ఎడమచేత్తో తింటోంది.

"ఏటమ్మా?" అన్నాను.

"బుజం పీకతన్నాది సార్."

జట్టులో విసరగలిగిన పిల్ల ఇంకొకతె ఉంది. కానీ ఆ పిల్ల విసిరితే గెలవలేం. ఆ సంగతి నాకు తెలుసు.

"ఒక్క మ్యాచే కదమ్మా, ఓర్చుకో" అన్నాను. తలూపింది.

గెలిచాం. ఫోటోలో ఆమె కప్పును ఒంటిచేత్తో పట్టుకుంది. మర్నాడు ఆమెకు స్నేహితురాలు జడ వేయాల్సి వచ్చింది. భుజంలో కండరం చిరిగిందనీ, ఇక గట్టిగా విసరకూడదనీ డాక్టరు చెప్పాడు. యూనివర్సిటీ జట్టులో ఆమెకు రావలసిన చోటు పోయింది.

నేనే భావనపాడు వెళ్లాను. వాళ్ల నాన్న ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. జరిగింది దాచకుండా చెప్పాను. ఆయన తలెత్తకుండానే వలకి ఇంకో ముడి వేశాడు.

"వల సిరిగిపోతాదని తెలిస్తే మేం లాగం బాబూ. వదిలేత్తాం. సేపలు పోతే పోనాయి."

అంతే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

ఆ తర్వాత ఒకే రోజు రెండు మ్యాచ్‌లు ఎవరిచేతా విసిరించలేదు. అందువల్ల రెండు ఫైనల్స్ ఓడిపోయాం. ప్రిన్సిపాల్ పిలిచి అడిగినా పద్ధతి మార్చలేదు. కప్పు మళ్లీ మా కాలేజీకి రాలేదు.

ఆమె ఇప్పుడు గరివిడి దగ్గర ఒక స్కూల్లో ఆటల టీచరు. పోయిన ఏడు నేను రిటైరైన రోజున వచ్చింది. అందరూ వెళ్లాక, ఇన్నేళ్లూ అడగలేకపోయిన మాట అడిగాను.

"నా మీద కోపం లేదా అమ్మా?"

"అప్పుడు నాకూ గెలవాలనే ఉన్నాది సార్" అంది. సంచి ఎడమ భుజానికి తగిలించుకుని, "కానీ నాకు పద్దెనిమిదేళ్లు. మీరు వద్దనాల్సింది" అంది.

"అవునమ్మా" అన్నాను. ఆమెను బస్టాండు దాకా దిగబెట్టి వచ్చాను.