పొట్టి వాకిలి తొట్టి ఇల్లు

చంద్రగిరి దాటాక మాకున్న మామిడితోటలో పాతకాలపు తొట్టి ఇల్లు కట్టాలని నాకు పూనకం వచ్చింది. నడిమధ్య ఆకాశం కనపడే తొట్టి, చుట్టూ వసారాలు, మీద పెంకులు. నాయన పుట్టి పెరిగింది అలాంటి ఇంట్లోనే. దాన్ని పడగొట్టి మిద్దె వేసిందీ ఆయనే. అందుకే సంగతి చెప్పగానే మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు.

"రేయ్, వానొస్తే తొట్టి నిండేది, వాకిలి తగిలి తల బొప్పి కట్టేది. అది వద్దనే గదరా మిద్దె కట్టినాను! నేను మాత్రం ఆ ఇంట్లో అడుగు పెట్టను, పో."

ఆయన రాకపోతే ఆ ఇల్లు నాకెందుకు? ఆయన చిన్నతనాన్ని తెచ్చి ఆయన చేతిలో పెడదామని నేను, వద్దు మొర్రో అని ఆయన. మొండితనంలో ఇద్దరం ఇద్దరమే. కార్వేటినగరంలో ఎవరో పడగొట్టిన ఇంటి టేకు వాకిలిని ద్వారబంధంతో సహా లారీలో తెప్పించాను. మరీ పొట్టిగా ఉందని మేస్త్రీ అంటే, అదే అందం అన్నాను. మొదటి బొప్పి మేస్త్రీకి కట్టింది, రెండోది నాకు. నాయన పక్కగదిలోనే ఉండి నా భార్యతో కబురు చేశాడు: "పుత్తూరులో ఇరిగిన కాళ్లకూ చేతులకే గానీ తలకాయలకు కట్టు కట్టరని చెప్పు వానికి."

పాత ఇంటి ఫోటోలో వాకిలి దాటగానే లోపలి పక్క నేల కాస్త పల్లంగా ఉంది. నేనూ అట్లాగే కట్టించి, నున్నటి కడప బండలు పరిచి, సోఫా వేశాను.

గృహప్రవేశానికి నాయన వచ్చాడు గానీ బయట పందిట్లోనే కుర్చీ వేసుకున్నాడు. ముందుగా ఆవును లోపలికి తోలాం. అది తోరణంలో మామిడాకులు లాక్కుని, గడప దాటి, నేరుగా ఆ పల్లంలోకి దిగి సోఫాకు ఆనుకుని పడుకుంది. తోలుకొచ్చినామె పలుపు పట్టి లాగింది. నేను ఆవు గడ్డం పట్టుకుని బతిమాలాను. ఆవు ఇల్లంతా తిరిగితే గానీ పాలు పొంగించకూడదని పురోహితుడి పట్టు. ముహూర్తం దాటిపోతోంది. ఆవు మాత్రం తీరిగ్గా నెమరేస్తోంది.

బయటి నుంచి నాయన అరిచాడు. "యాడ పండుకోనుండాది?"

"సోఫా కాడ మామా," అంది నా భార్య.

"సోఫా ఏందమ్మా, అది ఎద్దుల్ని కట్టేసే చోటు! గొడ్డుకు తెలిసింది గానీ నా కొడుక్కి తెలీలా."

అందరూ పగలబడి నవ్వారు. నన్ను తిట్టుకుంటూనే నాయన కుర్చీలోంచి లేచి విసవిసా వచ్చాడు. వాకిలి వంక చూడనైనా లేదు. సరిగ్గా దాని కిందికి రాగానే తల వంచాడు, దాటగానే ఎత్తాడు. ఇన్నేళ్ల మిద్దె కాపురంలోనూ ఆ వంగడం ఆయన మెడ మరిచిపోలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఆయన గంగడోలు నిమిరితే ఆవు లేచి ఇల్లంతా తిరిగింది. పాలు పొంగాయి. నాయన మాత్రం ఆ పల్లం గట్టు మీదే కూర్చుని బండల్ని అరచేత్తో తడుముతున్నాడు.

"రేయ్, ఈ సోఫా తీసి ఈడ గుంజ పాతు. ఒక ఆవును తెచ్చుకుంటా. నా మంచం ఈ పక్కనే ఎయ్యి."

ఆయన మనసు మారకముందే పని కావాలని సోఫాను ఎత్తుకుని ఒక్క ఉదుటున బయటికి నడిచాను. మూడో బొప్పీ నాకే కట్టింది.