మలుపు దగ్గర బాగా కనపడుతుంది

మా ఇంట్లో పిల్లలకు మాటల కంటే ముందు బేరం వస్తుంది. చిత్తూరు జిల్లా బంగారుపాళ్యంలో మాది చిల్లర కొట్టు. వచ్చినవాణ్ణి కసరకూడదు, వట్టి చేతులతో పంపకూడదు అన్నది మా నాయన పెట్టిన నియమం. ఆ నోటితోనే ఆ మధ్యాహ్నం ఊరి బయట హైవే పక్కన నిలబడి, కార్లు తీయమని ముక్కూమొహం తెలియనివాళ్లను బతిమాలుతున్నాను.

గుట్ట మీద ఎండిన బోదగడ్డి అంటుకుంది. గాలి కిందికి, మామిడి తోట వైపు కొడుతోంది. ఆ తోట మా కొట్టుకు ఎప్పటినుంచో వచ్చే పెద్దావిడది. భర్త పోయాక ఆ చెట్లే ఆమెకు కూడు. అప్పుడప్పుడే పిందె కట్టింది. కబురు తెలియగానే మేం కొందరం కొట్లోని గోనెసంచులు తడిపి పట్టుకుపోయాం. సంచులతో, పచ్చి కొమ్మలతో బాదుతుంటే మంట ఒకచోట అణిగి ఇంకోచోట లేస్తోంది. మామిడికి మందు కొట్టే ట్రాక్టర్ ట్యాంకరు నిండా నీళ్లతో వచ్చి హైవే మీదే ఆగిపోయింది. తోటకున్న ఒకే ఒక్క మట్టిబాటకు అడ్డంగా కార్లు.

అందరూ మంట చూడ్డానికి ఆగినవాళ్లే. ఒకడు కూతుర్ని కారు మీద నిలబెట్టి, వెనక మంట పడేలా ఫోటో తీస్తున్నాడు. ఇంకొకడు సిగరెట్ పీకను పక్కనున్న ఎండుగడ్డిలోకే విసిరాడు. నేను పోయి చెప్పుతో నలిపితే, పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

బాటకు అడ్డంగా ముందున్నది ఒక తెల్లకారు. దాని యజమానికి తోట సంగతి, ట్యాంకరు సంగతి చెప్పాను. ఆయన ఫోను దించలేదు.

"ఒక్క నిమిసం ఉండప్పా, లైవ్‌లో ఉండాను. అంతలోకే మంట యాడికి పోతాది?"

చెయ్యెత్తేవాణ్ణే. కానీ మాది కొట్లో పెరిగిన ఒళ్లు, చెయ్యి కంటే ముందు నోరు లేస్తుంది. ఈ బియ్యం వద్దన్నవాడికి లోపల ఇంకో రకం ఉందని చెప్పే గొంతు తీశాను.

"ఈడ పొగ తప్ప ఏముండాది సార్? ముందర మలుపు కాడికి పోండి. గుట్టంతా కనపడతాది."

ఒకరి బతుకు కాలిపోతోందంటే కదలని కార్లు, మంచి ఫోటో దొరుకుతుందనగానే ఒకదాని వెనక ఒకటి కదిలాయి. నా జన్మలో ఇంత తొందరగా తెగిన బేరం లేదు. ఇంత రోత పుట్టించిన బేరమూ లేదు.

ట్యాంకరు లోపలికి పోయింది. తోట నిలిచింది, గట్టు వెంబడి చెట్లు తప్ప. అవి నిలువునా మాడిపోయాయి, పిందెలు కొమ్మల మీదే ఉడికిపోయాయి. బాట ఖాళీగా ఉండి ఉంటే అవీ దక్కేవి. ఈ మాట నేను ఎక్కడైనా, ఎవరి ముందైనా అంటాను.

సాయంత్రం తెల్లకారాయన నన్ను వెతుక్కుంటూ తోటలోకే వచ్చాడు.

"ఏమప్పా, ఆడేం కనపడలేదే. ఊరికే తిప్పినావే మమ్మల్ని."

"సరుకు అయిపోయింది సార్," అన్నాను. మా నాయన నియమం అక్కడితో సరి.

ఆయన వినిపించుకోలేదు. మాడిన చెట్ల వైపు ఫోను ఎత్తాడు. అంతదాకా గట్టు మీద కూలబడి ఉన్న పెద్దావిడ లేచి, చేతిలోని కానుగకొమ్మ ఆయన ముందుకు చాపింది.

"పట్టు నాయనా. ఆ మూల ఇంకా పొగ లేస్తాండాది. వచ్చినోడివి రెండు దెబ్బలెయ్యి."

ఆయన కొమ్మను చూశాడు, తన చొక్కా చూసుకున్నాడు. కారెక్కి, పొగ లోపలికి రాకుండా అద్దాలు పైకెత్తుకున్నాడు.