నలభై గుమ్మాలు తిరిగిన జాబితా

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని. వీధిలో అందరూ ఆయన్ని లిఫ్టాయన అంటారు, నన్ను లిఫ్టాయన భార్య అంటారు. మేం ఉండేది మాత్రం లిఫ్టు మాట దేవుడెరుగు, మెట్లయినా సరిగ్గా లేని ఇంట్లో పై వాటా.

పనిలో ఆయనకో పద్ధతుంది. లిఫ్టు మధ్యలో ఆగిపోయిందని కబురొస్తే, వెళ్లగానే సంచీ విప్పడు. వాచ్‌మన్ చెప్పేది వినడు, సెక్రటరీ చెప్పేది అసలే వినడు. "ఆగినప్పుడు లోపల ఎవరున్నారు?" అంటాడు. ఆ మనిషిని వెతికి పట్టుకుని, కుర్చీలో కూర్చోబెట్టి, ముందు కుదిపిందా, చప్పుడొచ్చిందా, లైటు ఎప్పుడు పోయింది అని ఓపిగ్గా అడుగుతాడు. "బయటివాళ్లు కథలు చెప్తారు. లోపలున్నవాళ్లకే తెలుస్తుంది" అంటాడు. ఒకసారి ఆరేళ్ల పిల్ల చెప్పిన మాట పట్టుకుని, ముగ్గురు మెకానిక్‌లు వారం రోజులు కనిపెట్టలేని లోపాన్ని పది నిమిషాల్లో పట్టేశాడట. ఆ కథ నేను రెండు వందల సార్లు విని ఉంటాను.

ఇంత తెలివైన మనిషి ఇంటి గడప తొక్కేసరికి ఏమైపోతాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా అమ్మాయికి ఇంజనీరింగులో చేరేంత ర్యాంకు వచ్చింది. ఇక ఏ బ్రాంచి కావాలో వరసగా నంబర్లు వేసి ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఒకటోది దొరక్కపోతే రెండోది, అదీ దొరక్కపోతే మూడోది. గడువు దాటిందంటే వరస మార్చడానికి లేదు. నాలుగేళ్లు ఆ చదువే, ఆపైన బతుకంతా ఆ పనే. పన్నెండు రోజులు టైమిచ్చారు. ఆ పన్నెండు రోజులూ మా ఆయన ఏ బిల్డింగులో పనికెళితే ఆ బిల్డింగులో తలుపు తలుపూ తట్టి, "మా అమ్మాయికి ఏ బ్రాంచి మంచిదండీ?" అని అడిగాడు. నలభై గుమ్మాలకు తక్కువుండవు.

బ్యాంకు మేనేజరు ఒకాయన, మెకానికల్ చదివి బ్యాంకులో సంతకాలు పెట్టుకుంటున్నవాడు, కంప్యూటర్స్ తప్ప ఇంకేదీ చూడొద్దన్నాడు. కంప్యూటర్స్ చదివినతను అదే బిల్డింగులో రెండంతస్తుల పైన ఉంటాడు. కళ్లు నులుముకుంటూ తలుపు తీసి, అది మాత్రం వద్దన్నాడు. కెమికల్‌కి తిరుగులేదని గట్టిగా చెప్పినాయన పళ్ల డాక్టరు. ఎలక్ట్రికల్ చదివిన ఒకావిడ, "మా ఇంట్లో బల్బు కూడా మా ఆయనే మారుస్తాడండీ" అని తలుపేసుకుందట.

ఇవన్నీ పని కాగితాల వెనక రాసుకొచ్చి, రోజూ సాయంత్రం వరస మార్చేవాడు. నిన్నటి ఒకటోది ఇవాళ ఎనిమిదోదయ్యేది, మర్నాటికి మళ్లీ మూడోదయ్యేది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. "ఏదో ఒకటి పెట్టి చావండి" అని చెవినిల్లు కట్టుకుని పోరాను. అమ్మాయి పక్కన కూర్చుని నాన్న చెప్పిన నంబరల్లా కొట్టేసి రాసేది. పన్నెండు రోజుల్లో కదలనిది ఒక్కటే. పంతొమ్మిది బ్రాంచీల్లో పంతొమ్మిదో నంబరు, సివిల్.

దానికీ కారణముంది. సివిల్ ఇంజనీర్లంటే మా ఆయనకి ఒళ్లు మంట. లిఫ్టు ఎక్కి దిగే ఆ పొడవాటి గోడల గొట్టాన్ని షాఫ్ట్ అంటారు. అది నిట్టనిలువుగా ఉండాలి. పైకి పోయేకొద్దీ కాస్త పక్కకి జరిగిందా, లిఫ్టు నడిచే పట్టాలు ఒకవైపే అరుగుతాయి, క్యాబిన్ కుదుపుతుంది, జనం మెకానిక్‌ని తిడతారు. "దారానికి గుండు కట్టి పైనుంచి వేలాడదీస్తే వంకర తెలిసిపోదూ? ఆ మాత్రం పని బరువా ఈ మహానుభావులకి?" అని ఆయన రోజూ అన్నం ముందు కూర్చుని తిడతాడు. మా అమ్మాయి చిన్నప్పట్నుంచీ ఆ తిట్లు నంజుకునే అన్నం తింది.

ఆఖరి రోజు సాయంత్రం అయిదింటికి గడువు. నాలుగింటికి అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుంటే, ఆమోదించడానికి అది కోడ్ అడిగింది. ఆ కోడ్ వాళ్ల నాన్న ఫోనుకి వస్తుంది. ఆ ఫోను ఆపేసి ఉంది. ఒకసారి జేబులోంచి జారి తొమ్మిదంతస్తులు కింద పడి ముక్కలైనప్పట్నుంచీ, పనిలో ఉన్నంతసేపూ ఫోను ఆపి సంచీలో పెట్టేస్తాడు. కూతురి బతుకు తేలే రోజున కూడా ఆ నియమం తప్పలేదు మహారాజు!

ఆ రోజు పని ఎక్కడో తెలుసు కనక, అమ్మాయి ఫోనులోనే ఆ పేజీ తెరుచుకుని ఇద్దరం పరుగెత్తాం. లిఫ్టు పాడైందని కదా ఆయన వెళ్లింది, ఏడంతస్తులూ మెట్లే. నా మోకాళ్లు నన్ను తిడుతూనే ఎక్కాయి.

ఏడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరిచి ఉంది. క్యాబిన్ కాస్త కిందికి ఆగి ఉంటే, దాని కప్పు మీద నిలబడ్డాడు. మాకు కనిపించింది తల మాత్రమే, మా మోకాళ్ల దగ్గర.

"గడప దగ్గరికి రాకండి! ఏమైంది?" అంది ఆ తల.

"ఇంకా ఏమవ్వాలి? అయిదు కొడితే అంతా అయిపోతుంది!" అన్నాను రొప్పుతూ. తలుపు పక్కనున్న ఆయన సంచీలోంచి ఫోను తీసి ఆన్ చేశాను. అమ్మాయి మళ్లీ నొక్కితే కోడ్ వచ్చింది. నాలుగూ నలభై అయిదు.

"ఆగాగు, కోడ్ కొట్టకు. పొద్దున కింద ఒక ప్రొఫెసరుగారు చెప్పారు. ఎలక్ట్రానిక్స్‌ని నాలుగులోంచి రెండుకి..."

అప్పుడు నాకు తిక్క రేగింది.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మీ వరస! పళ్ల డాక్టర్ని అడిగారు, బ్యాంకాయన్ని అడిగారు. లోపలున్నవాళ్లకే తెలుస్తుందని రోజూ ఊదరగొడతారే, ఇందులో నాలుగేళ్లు ఉండబోయేదెవరు? దాన్ని ఒక్కసారైనా అడిగారా?"

అనేశాక నాకే సిగ్గేసింది. పన్నెండు రోజులు అరిచానే గాని, నేను మాత్రం అడిగానా? లేదు. ఒక్కసారి కూడా అడగలేదు.

ఆయన చేతిలో పానా కింద పెట్టాడు. కూతురి వంక చూశాడు. జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి అడిగేటప్పటి గొంతుతో, "నీకేం కావాలమ్మా?" అన్నాడు.

"సివిల్."

"ఏంటీ?"

"సివిల్ నాన్నా."

"వాళ్లని నేను రోజూ తిడతాను కదే!"

"నువ్వు తిట్టేది వాళ్లకి వినపడదు నాన్నా. ఇన్నేళ్లూ విన్నది నేను" అంది. "గోడ ఎక్కడ పక్కకి పోతే పట్టా ఎక్కడ అరుగుతుందో నాకు తెలుసు. కట్టేవాళ్లకి తెలీదు. ఎవరూ చెప్పరు."

ఆయన పక్కనున్న గోడ మీద చెయ్యి వేసి, కింది నుంచి పై దాకా చూశాడు. ఆ గోడ కూడా వంకరే అయ్యుంటుంది.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అన్నాడు చివరికి.

"నువ్వు అందరినీ అడుగుతున్నావుగా. నా వంతు వస్తుందనుకున్నాను."

ఆ మాటకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి, మళ్లీ వెంటనే ఒళ్లు మండింది. వంతట, వంతు! తండ్రికి తగ్గ కూతురు.

"ఒకటికి తీసుకురా" అన్నాడాయన. అమ్మాయి పంతొమ్మిదిని ఒకటికి తెచ్చింది. "రెండోది?" అంది. "రెండోదా? బ్యాంకాయన ఏమన్నాడంటే..." అని ఆయన మొదలుపెట్టేసరికి, "మిగతావి ఎలా ఉన్నవి అలాగే ఉండనీ" అని కోడ్ నేనే గట్టిగా చదివాను. అమ్మాయి నొక్కేసింది. నాలుగూ యాభై రెండు.

ఫోను ఆపి మళ్లీ సంచీలో పడేసి మెట్లవైపు తిరిగాం. అయిదు మెట్లు దిగామో లేదో, వెనకనుంచి కేక వినపడింది.

"ఒసేయ్ అమ్మాయ్! నువ్వు కట్టింది వంకరుంటే నిన్నూ తిడతాను!"

అది వెనక్కి తిరగను కూడా తిరగలేదు.

"తిట్టు నాన్నా! ముందు గుండు వేలాడదీసి చూసి, అప్పుడు తిట్టు!"