నెమలి మెడ కుదిరిన వేళ

"ఊదుతూ ఊదుతూ ఆ దీపం మీదే పడిపోతే?" అంది సుకాంతి మౌసీ మా గుమ్మంలో నిలబడి.

ఆమె భర్త బైధర్ మౌసా కటక్‌లో మా కింది వాటాలో వెండి తీగపని చేస్తాడు. మౌసీ, మౌసా అంటే ఇక్కడ పిన్ని, బాబాయి. యాభై ఏళ్లుగా ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని, దీపం మంటను సూదిలా సన్నం చేసి తీగలు అతుకుతున్నాడు. నెల రోజులుగా పని మధ్యలో తల తిరుగుతోంది. డాక్టరు ఛాతీకి వైర్లు అంటించి, నడుముకు చిన్న పెట్టె కట్టి పంపాడు. ఒక రోజంతా గుండె చప్పుడును అది నమోదు చేస్తుంది. "స్నానం వద్దు. మిగతాదంతా రోజూలాగే. ఏ వేళకు ఏం చేశావో, ఎలా ఉందో అంతా రాయి" అన్నాడు.

అందులో ఏ లోపమూ కనపడలేదు. మౌసీ వాడంతా ఛెనాపోడ మిఠాయి పంచింది. మర్నాడు పనిలో మౌసా మళ్లీ తూలి గోడ పట్టుకున్నాడు.

ఆయన రాసిన కాగితం అడిగి చూశాను. 'ఎనిమిది: కూర్చున్నాను. తొమ్మిది: కూర్చున్నాను. పది: కూర్చున్నాను.'

"పని చెయ్యలేదా మౌసా?"

"ఎలా చేస్తానమ్మా? నా చుట్టూ అంతా వెండే. అది పెట్టెను లాగి లెక్క తప్పిస్తే? మొత్తం బీరువాలో పెట్టి తాళం వేశాను."

ఫిజిక్స్ చదివినదాన్ని, నవ్వాగలేదు. "వెండి దేన్నీ లాగదు మౌసా."

"మీ మౌసీని లాగుతుందిగా."

"ఆఁ! ఇన్నేళ్లలో ఒక్క మెట్టె చేసి పెట్టిన మొహమేనా అది?" అంది మౌసీ.

రెండోసారి పెట్టె కట్టుకుని, వెండి తీగల నెమలి పనికే కూర్చున్నాడు. మా ఐదు నెలల పాప కునిని ఒళ్లో వేసుకుని, దాని ఊపిరి లెక్క రాసుకునే నోటుపుస్తకం పక్కన పెట్టుకుని, నేను మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. బుగ్గలు పొంగించి ఊదడం, గొట్టం దించడం, పెన్సిల్ తీసి రాయడం.

ఈసారి లోపం దొరికింది. గుక్క తిప్పుకోకుండా ఊదినప్పుడల్లా గుండె నెమ్మదిస్తోంది. ఒకసారి మూడు సెకన్లు ఆగింది కూడా. నోటితో ఊదడం మానేస్తే పని చేసుకోవచ్చన్నాడు డాక్టరు. కాగితం చివరి వరుసలు పైకే చదివి నవ్వాడు: 'పదకొండూ ఇరవై: తల తిరిగింది. పదకొండున్నర: నెమలి మెడ కుదిరింది. సంతోషం.'

మౌసా రెండు రోజులు ఊదుగొట్టాన్ని తుడుస్తూ కూర్చున్నాడు. మూడో రోజు కాలితో తొక్కి గాలి ఊదే తిత్తి తెచ్చుకున్నాడు. రెండు నెమళ్ల మెడలు కాల్చాడు. "ఈ కాలికి కళ్లు లేవు" అని తిట్టుకున్నాడు. మూడో నెమలి నిలబడింది.

ఆ సాయంత్రం నా ఒళ్లోని నోటుపుస్తకం తీసి తిరగేశాడు. దానికేమవుతుందోనన్న భయంతో నేను రాసుకున్నది, నిమిషానికి కుని ఎన్నిసార్లు ఊపిరి తీసిందో, ఎన్నిసార్లు దగ్గిందో పేజీల నిండా ఉంది.

"పిల్ల నవ్వినట్టు ఎక్కడా లేదే. నవ్వదా?"

"ఎందుకు నవ్వదు మౌసా!"

"మరి రాయవేం? నాకు అంతా రాయమన్నాడు డాక్టరు. భయపడ్డ వేళలే రాస్తే, నేను వెండి బీరువాలో పెట్టి 'కూర్చున్నాను' అని రాసినట్టే అమ్మా. నవ్విన వేళ కూడా రాయి."