నీళ్లలో నానబెట్టిన గొడ్డళ్లు

1943 ఏప్రిల్. పత్తికొండ దగ్గర ఒక జిన్నింగ్ మిల్లు, అంటే పత్తి నుంచి గింజను వేరుచేసే కార్ఖానా. దాని వెనక కట్టెల దొడ్డి. ఆ మధ్యాహ్నం రెండు గంటలకు దొడ్డిలో ఉన్నవాళ్లు: కట్టెలు చీల్చేవాళ్లు నలుగురు, బాయిలర్‌కు కట్టె వేసే హుసేన్ సాబు, నేను. ఉన్న వస్తువులు: గొడ్డళ్లు ఆరు, సమ్మెటలు రెండు, ఇనుప చీలలు ఎనిమిది, రెండు బండ్ల మొద్దులు, నీళ్లు నింపిన రాతితొట్టి ఒకటి. పనిముట్లన్నీ నేను రాకముందు నుంచీ అక్కడ ఉన్నవే. తొట్టిని మాత్రం నేను పెట్టించాను.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. మద్రాసులో మెకానికల్ డిప్లొమా ముగించి, ఆ మిల్లులో బాయిలర్ పని చూసుకోవడానికి చేరి మూడు నెలలయింది. యుద్ధం వల్ల బొగ్గు రావడం లేదు, కట్టెలే ఆధారం. ఒక్కో ముక్క రెండున్నర అడుగుల పొడవు ఉండాలి, ముంజేతి కంటే మందంగా ఉండకూడదు. మందమైన ముక్క పొగ ఇస్తుంది గాని మంట ఇవ్వదు. మంట తగ్గితే ఆవిరి తగ్గుతుంది, యంత్రాలు ఆగుతాయి.

కట్టెలు చీల్చడం బలంతో అయ్యే పని అనుకునేవాణ్ణి. నలుగురిలో పెద్దవాడు దావీదు నా అభిప్రాయం మార్చాడు. యాభై దాటిన మనిషి, సన్నగా ఉండేవాడు. ఆదివారం చర్చిలో గంట కొట్టేదీ ఆయనే. మొద్దును ముందు చుట్టూ తిప్పి చూసేవాడు. ఎండకు పడిన నెర్రె ఎటు పోతోందో చూసి, గొడ్డలి దెబ్బ నడిమధ్యన కాకుండా అంచు దగ్గర, ఆ నెర్రె మీదే వేసేవాడు. కొమ్మ పుట్టిన కణుపును ముట్టుకునేవాడు కాదు.

"యాడ చీలాల్నో కట్టే చెప్తాది సారూ. మనం ఇంటే సాలు," అనేవాడు.

తుమ్మను పచ్చిగా ఉన్నప్పుడే చీల్చాలని, ఎండితే అది గొడ్డలిని వెనక్కి తంతుందని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. చింత మొద్దులో గ్రెయిన్, అంటే చెక్క పోగుల వరస, మెలికలు తిరిగి ఉంటుంది. దానికి గొడ్డలి పనికిరాదు. వెడ్జ్ అనే ఇనుప చీలను నెర్రెలో నిలిపి సమ్మెటతో కొట్టాలి. చెట్టును నరికే గొడ్డలికి పలచని అంచు కావాలి. మొద్దును చీల్చే గొడ్డలికి అంచు వెనక బుగ్గలు మందంగా ఉండాలి. ఇవన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట రాసుకోలేదు.

అది కామ, అంటే గొడ్డలి పిడి, విషయం. దావీదు చిరుమాను అనే గట్టి చెట్టు కొమ్మను తెచ్చి, ఇంట్లో పొయ్యి పైన అటక మీద ఏడాది పాటు పొగకు పెట్టేవాడు. చదువుకున్న భాషలో ఇది సీజనింగ్, చెక్కలోని తేమను నిదానంగా పోగొట్టడం. ఆ కామను ఎర్రటి ఎండలో, అది ఇక కుంచించుకోలేదన్నంతగా ఆరినప్పుడు గొడ్డలికి దిగ్గొట్టేవాడు.

మార్చి చివర ఒక గొడ్డలి వదులై కనిపించింది. మద్రాసు వర్క్‌షాపులో వదులైన సుత్తిని నీళ్లలో వేసేవాళ్లం, చెక్క ఉబ్బి బిగిసేది. అలాగే చేయించాను, బిగిసింది. దాంతో అయిదు అంశాల నోటీసు రాసి దొడ్డి గోడకు అంటించాను. మూడో అంశం: ప్రతి ఉదయం గొడ్డళ్లన్నిటినీ అరగంట తొట్టిలో నానబెట్టి, ఆ తరువాతే పని మొదలుపెట్టాలి.

దావీదు నోటీసు వైపు చూడలేదు. "నీళ్లు తాగిన కామ పొద్దున ఒక మాట, మద్దేనం ఒక మాట చెప్తాది సారూ. ఇది మన సీమ ఎండ, మదరాసుది గాదు," అన్నాడు.

"ఉబ్బిన చెక్క బిగుస్తుంది. ఇందులో ఊరి భేదం లేదు," అన్నాను.

మిగతా ముగ్గురు నానబెట్టారు. దావీదు తన గొడ్డలిని గోడకు ఆనించి ఉంచేవాడు. నలుగురిలో చిన్నవాడు ఓబులేసు, పాతికేళ్లుంటాయి, రోజూ ఆయన్ని ఆటపట్టించేవాడు.

"ఏమప్పా దావీదూ, ఊరందరికీ ముందర బాప్తీస్మం తీసుకున్నోనివి నువ్వే. నీ గొడ్డలికి ఇంగా ఇప్పీలేదా?"

"దానికింగా పాపం అంటలేదులేరా," అనేవాడు దావీదు.

ఆయన నానబెట్టడం లేదని ఏడో రోజు కనిపెట్టాను. అందరి ముందూ, "నోటీసు అందరికీ ఒకటే," అని ఆ గొడ్డలిని నా చేతులతోనే తొట్టిలో వేశాను. అప్పటినుంచి రోజూ నిలబడి చూసేవాణ్ణి. ఆయన రోజూ వేసేవాడు.

అలా అయిదు రోజులు గడిచాయి. అయిదో రోజు, మధ్యాహ్నం రెండింటికి, దావీదు తుమ్మ మొద్దు మీద గొడ్డలి ఎత్తాడు. ఓబులేసు తొమ్మిది అడుగుల దూరంలో, ఆయనకు ఎదురుగా, నేల మీద పడిన చీల కోసం వంగాడు. గొడ్డలి దిగుతుండగా దాని ఇనుప తల ఊడి ఎగిరిపోయింది. దావీదు చేతిలో కామ మిగిలింది. ఆ తల తగిలి ఓబులేసు కుడి మోకాలి కింద ఎముక విరిగింది. అతను కూర్చుండిపోయి, కాలి వైపు చూసి, దావీదుతో "మామా, ఇదేంది?" అన్నాడు. దావీదు తన తలగుడ్డ విప్పి కట్టు కట్టాడు. హుసేన్ సాబు, నేను అతన్ని బండి మీదికి ఎత్తాం.

సాయంత్రం మేనేజరు నన్ను తన గదికి పిలిచాడు. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుకు రిపోర్టు పోవాలి.

"ఏమప్పా, నీ నోటీసు ఉండనే ఉండాది గదా. ఆ ముసిలోడు మొదటి నుంచీ నానబెట్టనన్నాడంట. ఈ పొద్దు గూడా నానబెట్టలేదని రాసెయ్. వాన్ని తీసేస్తాం. నీకూ మంచిది, మిల్లుకూ మంచిది."

అది రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. తోటివాడి కాలు విరగ్గొట్టిన అజాగ్రత్త మనిషికి ఆలూరు నుంచి కోయిలకుంట్ల దాకా ఎవరూ పని ఇవ్వరు. దావీదుకు కట్టెలు చీల్చడం తప్ప వేరే పని రాదు. రాయకపోతే నా ఉద్యోగం పోవచ్చు.

దొడ్డికి వెళ్లాను. దావీదు తొట్టి పక్కన కూర్చుని ఉన్నాడు.

"మీకు తోసింది రాయండి సారూ. ఏం రాసినా, గొడ్డలి పోయింది నా చేతిలో నుంచే."

"నువ్వు చెప్పావు కదా, నేనే వినలేదు."

"చెప్తి. చెప్పి గూడా నానబెడ్తి. అది నా తప్పే గదా?"

గొడ్డలి తల, కామ తెచ్చి దీపం కింద పెట్టి కొలిచాను. గొడ్డలి తలలో కామ దూరే రంధ్రాన్ని ఇంగ్లీషులో ఐ, అంటే కన్ను, అంటారు. అందులో ఉబ్బిన చెక్కకు చోటు లేదు, చుట్టూ ఇనుము. కాబట్టి పోగులు నలిగిపోతాయి. ఎండలో ఆరినప్పుడు నలిగిన చెక్క పాత కొలతకు రాదు, అంతకంటే సన్నబడుతుంది. మర్నాడు నీళ్లు మళ్లీ దాన్ని ఉబ్బించి లోపం కనిపించనీయవు. అలా రోజురోజుకూ కామ సన్నగిల్లుతుంది. బాగా ఆరబెట్టి బిగుతుగా దిగ్గొట్టినది కాబట్టి దావీదు కామ మిగతావాటికంటే త్వరగా నలిగింది. సముద్రపు గాలి ఆడే మద్రాసులో ఆరడం తక్కువ కాబట్టి మాకు ఇది కనపడలేదు. ఇక్కడ ఒక్క పూట ఎండ చాలు.

రిపోర్టులో రాశాను: గొడ్డలిని ఆ ఉదయం నానబెట్టారు. నానబెట్టించింది నేను. పనివాడు ముందే అభ్యంతరం చెప్పాడు. మేనేజరు చదివి, సంతకం చేసి పంపాడు. నన్ను బాయిలర్ నుంచి తీసి స్టోర్స్‌లో వేశారు. దావీదు దొడ్డిలోనే ఉన్నాడు. ఓబులేసు అయిదు నెలలకు లేచాడు గాని ఇప్పటికీ ఆ కాలు ఈడుస్తూ నడుస్తాడు. అతన్ని కట్టెల లెక్కకు పెట్టారు.

నేను నోటీసు చించి, తొట్టిని బండి ఎద్దులు నీళ్లు తాగడానికి ఇచ్చేశాను. ఇప్పుడు ఏ పనిముట్టు గురించి నోటీసు రాయాలన్నా, దాన్ని రోజూ పట్టుకునేవాణ్ణి ముందు అడుగుతాను. అతను వద్దన్నది చేయించాల్సి వస్తే, మొదట నా చేతిలోని పనిముట్టుతోనే మధ్యాహ్నం దాకా చేసి చూస్తాను.

ఆ రాత్రి కామకూ రంధ్రానికీ మధ్య నేను కొలిచిన సందు అంగుళంలో పదహారో వంతు.