బొండాలిచ్చి పింఛను పోగొట్టుకున్నాం

మా బావ, అంటే పెద్దక్క మొగుడు, బర్మా యుద్ధంలో ఎడమ కాలు మోకాలి కిందనుంచి పోగొట్టుకుని వచ్చాడు. దానికి సర్కారు పింఛను ఇచ్చేది. ఉద్దానంలో కొబ్బరి తోట ఉన్నా కాపు తుఫానుల దయ. అక్క సంసారం గడిచింది పింఛను మీదే.

స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకి టెక్కలి నుంచి పింఛన్ల తనిఖీ ఆఫీసరు వచ్చాడు. మా వైపు ఒక మర్యాద ఉంది. గడప తొక్కినవాడికి ఇంటాయన తన చేత్తో దింపిన బొండం ఇవ్వాలి. కూలివాడి చేత దింపిస్తే పరువు తక్కువ. బావ కట్టెకాలు విప్పి అరుగు మీద పెట్టి, కత్తి నడుముకి దోపి, చెట్టుకి తాడు వేశాడు.

"ఒద్దు మావా, దిగు," అంది అక్క.

"ఊరుకోయే. పెద్దమనిషి ఒచ్చినాడు. ఒట్టి నోటితో అంపేత్తామేటి?"

ఆ చెట్టు ఎక్కితే భావనపాడు రేవులో పడవలన్నీ కనబడేవి. సరే, అంత లేదు. పెరట్లో వంగిన చెట్టు, రెండు నిలువులుంటుంది. అయినా ఒంటికాలితో ఎక్కి చూడండి!

ఆఫీసరు రెండు బొండాలు తాగాడు. "భలే ఎక్కావోయ్!" అని మూతి తుడుచుకుని వెళ్లాడు. మొండికాలి తోలు లేచిపోయి బావ చాన్నాళ్లు మంచం దిగలేదు. ఆ మంచంలో ఉండగానే పింఛను ఆగింది. చెట్లెక్కేవాడు కష్టపడి బతకగలడట!

అక్క, బావ, నేను ముగ్గురం టెక్కలి వెళ్లాం. అక్కడ ఆ ఆఫీసరు చొక్కా పట్టుకుని, "మా నీళ్లు తాగి మా నోరు కొట్టావురా!" అని గర్జించాను. ఆఫీసంతా లేచి నిలబడింది. అబద్ధం. ఆఫీసరు ఊళ్లోనే లేడు. గుమాస్తా ముందు చేతులు కట్టుకుని, "సిత్తం బాబూ" అన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"చెట్టెక్కావా, లేదా?" అన్నాడు గుమాస్తా.

"ఎక్కినాను బాబూ. మీవోరు ఒచ్చినారనే ఎక్కినాను."

"మరి కుంటివాడివి ఎలా అవుతావు?"

బావ కట్టెకాలు విప్పి బల్లమీద పెట్టాడు. ఇది మాత్రం నిజం.

"ఇదేటో మీరే సెప్పండి."

"తియ్యి, కాగితాలు పాడవుతాయి! ఏ పనికీ పనికిరానని రాసివ్వు, చూద్దాం."

"పనికిరాకపోడమేటి? సెట్ల మొదట్లో గొప్పు తవ్వుతన్నాను, నీళ్లు మోత్తన్నాను..."

"నోరు ముయ్యి మావా," అంది అక్క. "సంతకం పెట్టు. పిల్లలకి గంజి పొయ్యాల."

పెట్టాడు. పింఛను మళ్లీ వచ్చింది. ఆ తర్వాత ఊళ్లోకి జీపు వస్తే చాలు, బావ పలుగు ఎక్కడిదక్కడ పడేసి, మంచమెక్కి దుప్పటి ముసుగు పెట్టేవాడు. ఒకసారి వచ్చింది మశూచి టీకాలవాళ్లు. అది తెలిసేదాకా ముసుగు తియ్యలేదు. పిల్లలు నవ్వారు. అక్క వాళ్ల వీపులు చిట్లగొట్టింది.